కొత్తపట్నం ఇసుకలో నలభై కూరగాయల వాటాలు: ప్రాజెక్టు డైరీ

ఒంగోలుకు తూర్పున కొత్తపట్నం మండలంలో, సముద్రానికి దగ్గర్లో ఎకరంన్నర ఇసుక నేల. ఒంగోలు టౌన్లో నలభై ఇళ్లు. డిసెంబర్ చివరి వారం మొదలుకొని పద్నాలుగు వారాలు, ఇంటికి వారానికో పెట్టె. పెట్టెలో ఐదు కిలోల కాయలు, మూడు కట్టల ఆకుకూర. వాటా, అంటే సీజను మొత్తానికి ఇల్లు ముందే కట్టే డబ్బు, రూ.4,900. పెట్టె రూ.350 పడుతుంది. సగం ఇళ్లకు బుధవారం, సగం ఇళ్లకు శనివారం.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు చెప్పారు. నలుగురున్న ఇంటికి వారానికి పదకొండు కిలోలు దాటుతుంది. మన పెట్టె అందులో సగం. ఈ సంగతి చేరేటప్పుడే చెప్పాలి. చెప్పకపోతే రెండో వారానికే "బజారుకు మళ్లీ పోవాల్సి వస్తోందండీ" అన్న మాట వస్తుంది.

సెప్టెంబర్ రెండో వారం: నీళ్లు

విత్తనాల కంటే ముందు దొరువు, అంటే ఇసుకలో తవ్విన లోతు తక్కువ బావి, చూసుకోవాలి. తీరం ఇసుకలో ఎనిమిది, పదడుగులు తవ్వితే మంచినీళ్లు ఊరతాయి. అవి వాననీళ్లు, కింద ఉప్పునీటి మీద తేలుతూ ఉంటాయి. ఉప్పునీరు బరువు, మంచినీరు తేలిక, అంతే కిటుకు. పైనుంచి ఎక్కువ తోడితే కింది ఉప్పు పైకి ఎగబాకుతుంది. ఒకసారి ఎక్కిందంటే దిగడానికి రోజులు పడుతుంది.

నీళ్లలో ఉప్పును చూపించే పెన్ను లాంటి ఈసీ మీటరుతో కొలిచిన లెక్క ఇది, అంకె పెరిగితే ఉప్పు పెరిగినట్టు. మోటారు వేయకముందు 0.8 డెసీసీమెన్స్. నలభై నిమిషాలకు 0.9. గంటంబావుకు 1.6. రెండు గంటలకు 2.4. టమాటాకు 1.7 దాకా దిగుబడి తగ్గదు. చిక్కుడు జాతికి 0.7 దాటగానే దెబ్బ మొదలు. అందుకే మోటారు నలభై నిమిషాలకు మించి వేయకూడదు, మళ్లీ నాలుగు గంటలు ఆపాలి.

మోటారు అర హెచ్‌పీ చాలు. ఈ లోతులో గంటకు నాలుగు వేల లీటర్లు ఇస్తోంది. పెద్ద మోటారు పెడితే పని తొందరగా అవుతుందనుకుంటారు, ఇక్కడ అదే చేటు. నలభై నిమిషాలకు రమారమి 2,600 లీటర్లు. రెండు దొరువులు, ఒక్కోదానికి రోజుకు రెండు విడతలు, మొత్తం పదివేల నాలుగొందల లీటర్లు. ఇసుకలో కూరగాయలకు రోజుకు నాలుగు మిల్లీమీటర్లు పెట్టుకుంటే అరవై సెంట్లకు 9,700 లీటర్లు కావాలి. కనుక సాగు అరవై సెంట్లే. మిగతా తొంభై సెంట్లు ఖాళీగా ఉన్నాయి కదా అని చేయి చాచకూడదు. ఇక్కడ విస్తీర్ణాన్ని కొలిచేది గొలుసు కాదు, ఈసీ మీటరు.

ఇంకొకటి. నీళ్లు పీల్చే పైపు చివరుండే ఫుట్‌వాల్వు దొరువు అడుగున ఉండకూడదు. ఖాళీ నూనె డబ్బాకు కట్టి నీటిమట్టానికి అడుగు కిందే వేలాడేలా పెట్టాం. మట్టం దిగితే డబ్బాతో పాటు అదీ దిగుతుంది, ఎప్పుడూ పై నీళ్లే తాగుతుంది. అడుగున పెట్టిన రోజు ఇరవై నిమిషాలకే 1.5 చూపించింది.

సెప్టెంబర్ మూడు, నాలుగు వారాలు: వెనక్కి లెక్క

మొదటి పెట్టె తేదీ గోడమీద రాసి, అక్కడి నుంచి వెనక్కి రావాలి. వంగకు నారు 35 రోజులు, నాటాక 65, మొత్తం వంద. అంటే సెప్టెంబర్ మూడో వారంలో గింజ పడాలి. టమాటా తొంభై రోజులు, నాలుగో వారం. సంక్రాంతికి గుమ్మడికాయ అడగని ఇల్లు ఉండదు కాబట్టి ఆ పాదులూ ఇప్పుడే. బీర అక్టోబర్ ఆఖరు. బెండ నవంబర్ మొదటి వారం. తోటకూర నవంబర్ ఆఖర్లో చల్లినా అందుతుంది.

ఎన్ని మొక్కలన్నది ఇళ్ల లెక్కనుంచే తేలాలి. వంకాయ చూడండి. ఇంటికి ముప్పావు కిలో, నలభై ఇళ్లకు వారానికి ముప్పై కిలోలు, పన్నెండు వారాలకు 360. ఇసుకలో చెట్టుకు కిలోన్నర వస్తే 240 చెట్లు. కొమ్మ, కాయ తొలుచు పురుగు మూడోవంతు తింటుందని ముందే రాసుకుని 360 చెట్లు. అటూ ఇటూ రెండడుగుల దూరంలో సెంటుకు 110 చెట్లు పడతాయి, కాబట్టి మూడు సెంట్ల పైచిలుకు. టమాటా ఒకేసారి నాటితే ఆరేడు వారాలకే కాపు అయిపోతుంది. రెండొందలు ఇప్పుడు, రెండొందలు నాలుగు వారాల తర్వాత. బెండ ఎనిమిది సెంట్లు, రెండు దఫాలుగా. సొర పాదులు ముప్పై ఐదు, అంతకుమించి వద్దు. ఇంటికి రెండు వారాలకో కాయ చొప్పున వారానికి ఇరవై కాయలు చాలు, పాదుకు ఎనిమిది కాసినా సరిపోతుంది. సొర తేలిగ్గా వస్తుంది కాబట్టి ఎక్కువ పెట్టేస్తారు. అప్పుడు ప్రతి పెట్టెలో సొరకాయే. వాటాలు మానేసేవాళ్లు ఎక్కువగా చెప్పే కారణం అదే.

నారు 98 గుంతల ట్రేలలో, కొబ్బరి పొట్టులో. చుట్టూ నలభై మెష్ నైలాన్ వల, పైన వానకు పట్టా. వల తెల్లదోమ కోసం. నారులో కుట్టిన దోమ తెచ్చిన ముడత చెట్టు పెద్దయ్యాక బయటపడుతుంది, అప్పటికి చేసేదేమీ ఉండదు.

అక్టోబర్: మళ్లు

అరవై సెంట్లకు చెరువు మట్టి పది ట్రాక్టర్లు. పైన చల్లి వదిలేస్తే తొలి వానకే అట్ట కట్టింది. పొడి చేసి, మాగిన పశువుల ఎరువుతో సగంసగం కలిపి, చాలు లోపల జానెడు లోతున వేసి మూయాలి. ఇసుక నీళ్లను పట్టుకోదు, ఈ పొర కాస్త పట్టుకుంటుంది.

డ్రిప్పు 16 మిల్లీమీటర్ల పైపు, అడుగుకో బొట్టు, గంటకు రెండు లీటర్లు. నల్లరేగడిలో బొట్టు పక్కకు పాకుతుంది. ఇసుకలో నిట్టనిలువునా దిగిపోతుంది, తడి అడుగు వెడల్పు మించదు. అందుకని మీటరు వెడల్పు మడికి రెండు పైపులు. ఒకేసారి గంట వదిలితే నీళ్లూ ఎరువూ వేరు కిందికి పోతాయి. పొలాన్ని మూడు భాగాలు చేసి, మోటారు నాలుగు విడతల్లో ఒక్కో భాగానికి పదమూడేసి నిమిషాలు. ఆకుకూరలకు డ్రిప్పు పనికిరాదు, సన్న చిల్లుల్లోంచి వాన చినుకుల్లా చల్లే రెయిన్ పైపు వేశాం.

ఆకుకూర మడి మీటరు వెడల్పు, ఆరు మీటర్ల పొడవు. రెండొందల గ్రాముల కట్టలు నలభై వస్తాయి. వారానికి 120 కట్టలు కావాలి, కనుక ప్రతి సోమవారం మూడు మళ్లు చల్లాలి. పాలకూర, గోంగూర కోసినా మళ్లీ వస్తాయి కాబట్టి కొంత ఊపిరి ఉంటుంది. తోటకూర, మెంతి, కొత్తిమీరకు సోమవారం తప్పితే నాలుగైదు వారాల తర్వాత పెట్టెలో ఆ చోటు ఖాళీ. ఈ ప్రాజెక్టు మొత్తంలో ముఖ్యమైన పని ఏదంటే సోమవారం చల్లడమే. తోటకూర గింజ మడికి పది గ్రాములు, అర కిలో పొడి ఇసుకలో కలిపి చల్లాలి, లేకపోతే ఒకచోటే గుత్తులుగా మొలుస్తుంది. ధనియాలు రెండు బద్దలుగా నలిపి రాత్రంతా నానబెట్టాలి. మొలవడానికి పది రోజులు పట్టినా కంగారుపడి మళ్లీ చల్లకూడదు. చీమలు గింజలు మోసుకుపోతుంటే మడి చుట్టూ బూడిద గీత.

తూర్పు వైపు తాటాకు దడి. సరుగుడు చెట్లు ఉన్నా కింది భాగం బోడిగా ఉంటుంది, గాలి కిందనుంచే వస్తుంది. దడి లేని చివర చిక్కుడు ఆకుల అంచులు మాడిపోయాయి. అది తెగులు కాదు, ఉప్పు గాలి. సాయంత్రం మంచినీళ్లు చిలకరిస్తే కొత్త ఆకు నిలబడింది.

నవంబర్: ముసురు, ఒప్పందం

మన తీరానికి పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య రుతుపవనంతో. తుపాన్లూ అప్పుడే. 2023లో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబర్ 5న. సరిగ్గా మనం మొదటి పెట్టెకు లెక్కపెట్టుకునే రోజులు. అందుకే మొదటి పెట్టెను డిసెంబర్ చివరికి నెట్టాం. పద్నాలుగు వారాల డబ్బుకు పదహారు వారాల గడువు పెట్టాం. ఎక్కువైన ఆ రెండూ వాన వారాలు.

ఇసుకలో నీళ్లు నిలవవు, అది మన అదృష్టం. ఒంగోలు పడమటి నల్లరేగడిలో ఇదే వానకు పది రోజులు కాలు పెట్టలేరు. కానీ వానతో పాటు నత్రజని కూడా కిందికి పోతుంది. మూడు రోజుల ముసురు తర్వాత వారానికి వంగ, టమాటా కింది ఆకులు పసుపెక్కాయి. చూసి తెగులనుకుని మందు కొట్టడం ఇక్కడ అందరూ చేసే పొరపాటు. వేరుశనగ చెక్కలో నత్రజని ఏడు శాతం దాకా ఉంటుంది. ఐదు కిలోల చెక్క వంద లీటర్ల నీళ్లలో మూడు రోజులు నానబెట్టి, వడకట్టి, మొదలు దగ్గర చెట్టుకు అర లీటరు పోశాం. ఎనిమిదో రోజుకు చిగురు రంగు మారింది. జీవామృతం మామూలు కొలతే: 200 లీటర్ల నీళ్లు, పది కిలోల పేడ, పది లీటర్ల ఆవు మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి, రెండు రోజులు నీడలో. దీన్ని డ్రిప్పులో వదలాలంటే రెండుసార్లు గుడ్డలో వడకట్టాలి. ఒకసారి వడకట్టి వదిలితే నలభై బొట్లు మూసుకుపోయాయి.

ఒప్పందం ఒక్క పేజీ. సగం డబ్బు సెప్టెంబర్ ఆఖరుకు, సగం మొదటి పెట్టెకు ముందు. ఖర్చంతా కాయ రాకముందే అవుతుంది కాబట్టి ఇలా. ముఖ్యమైన వాక్యం ఇది: వాటా కొన్నది మళ్లలో, కాయల జాబితాలో కాదు. వాన, తుపాను, తెగులు వల్ల తగ్గితే అందరికీ సమానంగా తగ్గుతుంది, వాన వారంలో సర్దుతాం. మేం చల్లడం మరిచిపోయో, సరిగా కోయకో తగ్గితే మరుసటి వారం బరువు కలిపి ఇస్తాం. ఆకాశం వల్ల వచ్చిన నష్టం వేరు, చేతి వల్ల వచ్చింది వేరు. ఈ రెండింటినీ కలిపేస్తే నమ్మకం పోతుంది. జపాన్‌లో 1970ల్లో తెయికెయ్ పేరుతో మొదలైన పద్ధతికీ పునాది ఇదే, తినే ఇల్లు పండించే ఇంటితో కష్టనష్టాలు పంచుకోవడం.

ధర సీజనుకు ఒకటే. రైతుబజారు బోర్డుతో వారంవారం మార్చితే అది వాటా కాదు, కొట్టు అవుతుంది. ముసుర్లలో టమాటా మండిపోతే పెట్టె చవక, ఫిబ్రవరిలో టమాటా పడిపోతే పెట్టె ప్రియం. రెండూ ముందే చెప్పాం.

డిసెంబర్ చివరి వారం: మొదటి పెట్టె

కోత తెల్లవారుజామున నాలుగున్నరకు, తలకు లైట్లు పెట్టుకుని. ముందు వంగ, సొర, దొండ, ఇవి కాస్త ఓర్చుకుంటాయి. తర్వాత టమాటా, చిక్కుడు, బెండ. ఆకుకూర అన్నిటికంటే చివర, ఎండ ఎక్కకముందు. బెండ ముదిరిందో లేదో చూపుకు తెలియదు. కొన విరిస్తే టక్కుమని విరగాలి, వంగితే పీచు. టమాటా దోరగా, అడుగున ఎరుపు తిరిగినప్పుడే కోయాలి. పూర్తిగా పండినవి పొలం దగ్గరే ఉంచుకోవాలి. పండిన టమాటాను ఆకుకూర పక్కన పెట్టకూడదు, అందులోంచి వచ్చే వాయువుకు ఆకు పసుపెక్కుతుంది.

మొదటి రోజు పెట్టె: సొరకాయ ఒకటి, కిలో రెండొందలు, టమాటా కిలో, వంకాయ ముప్పావు, బెండ, చిక్కుడు, ముల్లంగి అర కిలో చొప్పున, దొండ నాలుగొందలు, పచ్చిమిర్చి నూటయాభై. సరిగ్గా ఐదు. కోసినప్పుడు మాత్రం రెండొందల గ్రాములు అదనంగా తూచాలి, ఇంటికి చేరేసరికి ఆవిరి ఆ మేరకు తినేస్తుంది.

ఆ వారం వచ్చిన ఫిర్యాదు ఒక్కటే. "కూర బాగుందండీ, పళ్ల కింద ఇసుక కరకరమంటోంది." తోటకూరను వేళ్లతో పీకి, ఒక తొట్టిలో ముంచి కట్టలు కట్టాం. వాన చినుకు, రెయిన్ పైపు చినుకు ఇసుకను ఎగజిమ్మి ఆకు వెనక, కాడ మొదట్లో అతికిస్తుంది. ఒక కట్ట విప్పి తెల్ల పళ్లెంలో దులిపితే చెంచాడు ఇసుక రాలింది. రెండో వారం నుంచి నేలకు అంగుళం పైన కొడవలితో కోత. రెండు తొట్లలో కడగడం, రెండో తొట్టి నీళ్లు ప్రతి ముప్పై కట్టలకు మార్చడం. ఏటవాలు జల్లెడ మీద ఇరవై నిమిషాలు నీరు కారనివ్వడం. కొత్త మళ్లలో మొలకలు రెండాకులు వేయగానే వరుసల మధ్య పలచగా వరి ఊక. ఊక వేసిన మడి కట్టను అలాగే పళ్లెంలో దులిపితే చిటికెడు కూడా రాలేదు.

తడి ఆరకుండా ప్లాస్టిక్ కవర్లో పెడితే సాయంత్రానికి నల్లబడుతుంది. తడి గోనె కప్పి ఆటోలో, ఒంగోల్లో మూడు చోట్లకే: లాయర్‌పేట, సంతపేట, కర్నూలు రోడ్డు. ఇంటింటికీ తిరిగితే రెండు గంటలు ఎక్కువ, చివరి ఇంటికి వాడిన కూర. పెట్టెలో చీటీ ఒకటి: ఏది ఎప్పుడు కోశాం, ఏ మడికి ఏం కొట్టాం, తేదీతో సహా. వేపగింజల కషాయమైనా రాయాల్సిందే.

జనవరి

బెండ రోజు విడిచి రోజు కోయాలి, పెట్టె వారానికి రెండు రోజులే. మిగతా కోతలు ఎక్కడికి పోతాయన్నది ముందు ఆలోచించలేదు. ఆదివారం వదిలేసిన కాయ బుధవారానికి జానెడు పీచు. ముదురు కాయ చెట్టు మీదుంటే కొత్త పూత కూడా తగ్గుతుంది. పెట్టెలకు వెళ్లని కోత కొత్తపట్నంలోనే అమ్మడానికి మాట్లాడుకున్నాం, వారానికి పన్నెండు, పద్నాలుగు కిలోలు. మంగళవారం సాయంత్రం, శుక్రవారం సాయంత్రం కోసినవి పెట్టెల్లోకి.

సంక్రాంతి వారం పదమూడు ఇళ్లు ఊళ్లకు వెళ్లాయి. నాలుగు ఇళ్లే ముందు చెప్పాయి, తొమ్మిది పెట్టెలు మిగిలాయి. మూడు రోజుల ముందు చెబితే పెట్టె తర్వాతి వారానికి జరుపుతాం, సీజనుకు రెండుసార్లు. చెప్పకపోతే ఆ పెట్టె దగ్గర్లోని హాస్టలుకు. ఈ నియమం ఒప్పందంలో మొదటే ఉండాల్సింది.

ఇటుకల మధ్య ఇసుక తడిపే చల్లగది కట్టాం, రెండు గోడల మధ్య మూడంగుళాల సందు. గాలి పొడిగా ఉన్నచోట బాగా పనిచేస్తుంది. సముద్రం పక్క జనవరిలో గాలే తడి, లోపలికీ బయటికీ తేడా రెండు, మూడు డిగ్రీలే. పడమటి గాలి వీచే మే నెలలో ఉపయోగం ఎక్కువ. ఇప్పుడైతే రాత్రి బయట చల్లదనమే చాలు, ఇటుకల ఖర్చు తొందరపాటు.

ఫిబ్రవరి

బెండ మొదటి దఫాలో పల్లాకు తెగులు. ఈనెలు పసుపెక్కగానే చెట్టు పీకి దూరంగా పూడ్చాలి, దయ చూపకూడదు. వారం ఆలస్యం చేసిన రెండు చాళ్లలో సగం పోయాయి. పసుపు జిగురు అట్టలు దోమను పట్టడం కంటే ఎంత ఉందో చూపించడానికే ఎక్కువ పనికొస్తాయి. వంగలో వాలిన కొమ్మను రెండంగుళాలు కిందికి తుంచి నలిపేయడం వారానికి రెండుసార్లు, పొలంలో పారేస్తే పురుగు మళ్లీ ఎక్కుతుంది. వేపగింజల పొడి ఐదు కిలోలు వంద లీటర్లకు, సాయంత్రం పూటే.

సీజను మొత్తానికి లెక్క. రాబడి రూ.1,96,000. కూలి, ఇద్దరికి 150 రోజులు, రోజుకు రూ.350 చొప్పున రూ.1,05,000. ఆటో 28 ట్రిప్పులు, రూ.16,800. చెరువు మట్టి రూ.12,000. పందిరి రూ.11,000. విత్తనాలు, ట్రేలు రూ.9,000. పశువుల ఎరువు రూ.8,000. క్రేట్లు రూ.6,400. కరెంటు, ఫిల్టర్లు రూ.4,000. మొత్తం రూ.1,72,200. మిగిలేది రూ.23,800, దాదాపు ఏడు నెలల మేనేజిమెంటు పనికి. ఇది చాలదు. కూలీ, ఆటో పెరగకుండా యాభై ఐదు వాటాలు మోయవచ్చు, నేల సరిపోతుంది, నీళ్లు కష్టం. పెట్టె రూ.400 చేయడమే నిజాయితీ. వాటాదార్లకు ఈ లెక్కే కాగితం మీద పంపాం.

మార్చి నుంచి ఏప్రిల్ మొదటి వారం

వానలు ఆగి మూడు నెలలు. మోటారు వేయకముందే మీటరు 1.1 చూపిస్తోంది, నలభై నిమిషాలకు 1.7. విడత ఇరవై ఐదు నిమిషాలకు తగ్గించి, చిక్కుడు, ముల్లంగి తీసేశాం. పెట్టెలో వాటి చోట దోస, గోంగూర. పన్నెండో వారం పెట్టె నాలుగు కిలోలకు పడింది. చీటీలో కారణం మీటరు అంకెలతో రాశాం, ఒక వాన వారం వాడుకున్నాం.

పదిహేనో వారంతో బాకీ తీరింది. ఖాళీ అయిన మళ్లలో పైపులు చుట్టి, చివరలు విప్పి కడిగాం. గోంగూర మూడు మళ్లు గింజకు వదిలాం. జీలుగ విత్తనం ఎనిమిది కిలోలు తెచ్చి పెట్టుకున్నాం, ఉప్పును ఓర్చుకునే పచ్చిరొట్ట అదే. జూన్‌లో తొలి వాన పడగానే అరవై సెంట్లలో చల్లి, పూతకు ముందు కలియదున్నాలి. రెండో దొరువులో ఒక సిమెంటు ఒర పగిలి ఇసుక జారుతోంది, నీళ్లు అడుగంటి ఉండగానే, మే లోపు మార్చాలి.